బొత్తాల రాయోను పెద్ద

“ఏ రాయోనండీ తాతగారూ? చెప్పులదా, గిన్నెలదా?”

పురపాలక కార్యాలయంలో సంస్కృతి విభాగం చూసే స్మరాండా అనే అమ్మాయి ఈ ప్రశ్నను ఎంతో మర్యాదగా, కలం పట్టుకుని రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుని అడిగింది. అందుకే సోఫ్రోన్ బుజోరుకు ఒళ్ళు మరింత మండింది. ఎగతాళి చేసేవాళ్ళకు జవాబు చెప్పడం ఆయనకు జీవితమంతా అలవాటే. మర్యాదగా అడిగిన అజ్ఞానానికి ఏం జవాబు చెప్పాలో మాత్రం ఎనభై దాటినా తెలియలేదు.

“చెప్పులదీ కాదు, గిన్నెలదీ కాదమ్మాయ్,” అన్నాడు, చంకలోని తోలుసంచీని బల్లమీద పెట్టి. “జవోయెని రాయోను. నువ్వు కూర్చున్న ఈ ఊరే దానికి ముఖ్యపట్టణం. నీకు జీతమిచ్చే జిల్లా అప్పటికి పుట్టనైనా లేదు.”

“ఓహో,” అంది స్మరాండా. కాగితం మీద ‘రాయోను’ అని రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది. తలకిందులుగా ఉన్నా సోఫ్రోన్ దాన్ని చదివాడు. తలకిందుల కాగితాలు చదవడం పద్దెనిమిదేళ్ళ సర్కారు కొలువులో ఆయన నేర్చిన విద్యల్లో అన్నింటికంటె పనికొచ్చిన విద్య.

ఆయన వచ్చిన పని ఒక్కటే. నడివీధిలో ఉన్న రెండంతస్తుల పాత భవనానికి మరమ్మతులు చేసి, గుమ్మం పక్కన దాని చరిత్ర చెప్పే శిలాఫలకం పెట్టబోతున్నారు. ఆ రాతిమీద రాయోను పేరు ఉండాలి. ఆయన కోరిక అంతే. ఇంట్లో అటకమీదా మంచాల కిందా ఉన్న అట్టపెట్టెలన్నింటిలో ఉన్నది ఆ రాయోనే. వాటిని తెరిచి చూసిన మనిషి ఇంతవరకు లేడు. భార్య అగ్లాయా అప్పుడప్పుడు తెరిచేది గాని, అది పచ్చడి జాడీలకు చోటు దొరుకుతుందేమోనని. ఆయన పోయిన మర్నాడు ఆ పెట్టెలు పొయ్యిలోకి పోతాయని ఇద్దరికీ తెలుసు. రాయి పొయ్యిలోకి పోదు.

తప్పు ఆ అమ్మాయిది కాదు, మాటది. పాలనా భాగమనే అర్థంలో ‘రాయోను’ అన్న మాట యుద్ధం తర్వాత మాస్కో దారిన దేశంలోకి వచ్చింది. దుకాణంలో ఒక్కొక్క సరుకుకు కేటాయించిన భాగమనే అర్థంలో అదే మాట అంతకు చాలా ముందే పారిస్ దారిన వచ్చి కౌంటర్ల వెనక స్థిరపడి ఉంది. పాత జిల్లాలను రద్దు చేసి రాయోనులు పెట్టిన పెద్దలు ఆ మాట ఊళ్ళో అప్పటికే వాడుకలో ఉందో లేదో ఒక్క దుకాణంలోనైనా అడగలేదు. ఇందుకు సోఫ్రోన్ వాళ్ళను ఇప్పటికీ క్షమించలేదు. వాళ్ళు ఆయన క్షమాపణ కోసం ఎదురుచూస్తున్న దాఖలాలు కూడా లేవు.

1950లో రాయోను ఏర్పడినప్పుడు ఆయన పాతికేళ్ళయినా నిండని కుర్రవాడు. కొండవాలు పల్లెనుంచి ఒకే జత బూట్లతో వచ్చి, రాయోను కార్యాలయంలో రికార్డుల గుమాస్తాగా చేరాడు. మూడు లోయలను కలిపి ఆ రాయోనును గీశారు. ఒక లోయనుంచి మరో లోయకు పోవడానికి దారి లేదన్న సంగతి పటం గీసినవాళ్ళకు అడ్డు రాలేదు. రాయోనుకు ఒక ఫైరింజను ఉండేది, ఫైరు వాళ్ళకొక బాకామేళం ఉండేది. నిప్పంటుకున్న చోటికి ఇంజను కంటె మేళమే ముందు చేరేదని జనం చెప్పుకునేవారు. పశువుల శాఖ తరఫున ఒక ఆబోతు కూడా ఉండేది. మే దినం ఊరేగింపులో అధికారులకంటె దానికే ఎక్కువ చప్పట్లు పడేవి.

వీటన్నింటి చరిత్రనూ సోఫ్రోన్ నెలనెలా నివేదికలుగా రాసేవాడు. ఒక ప్రతి పైకి పంపి, మరొకటి ఇంటికి తెచ్చుకునేవాడు. పైవాళ్ళు పారేస్తారని ఆయన అనుమానం. ఆ అనుమానం తప్పలేదు. పనిలో పనిగా, ఎప్పటికైనా తను రాయోను పెద్దనవుతానని కలగనేవాడు. చిత్తుకాగితాల వెనక ‘సోఫ్రోన్ బుజోర్, రాయోను పెద్ద’ అని సంతకం సాధన చేసేవాడు. బు అక్షరం కింద ఒక మెలిక ఉండేది. ఆ మెలిక కుదరడానికి మూడేళ్ళు పట్టింది. పదవి రాలేదు గాని, ఇప్పటికీ గ్యాసు బండకు సంతకం చేసినా ఆ మెలిక పడుతుంది.

1968లో చలికాలం చివర రేడియో రాయోనులన్నీ రద్దయ్యాయని చెప్పింది. మళ్ళీ జిల్లాలు వచ్చాయి. జవోయెని ఏ జిల్లాకూ ముఖ్యపట్టణం కాలేదు. సగం ఊళ్ళు ఉత్తరపు జిల్లాకు, సగం దక్షిణపు జిల్లాకు పోయాయి. ఆ వారంలోనే అసలు రాయోను పెద్ద బదిలీ అయి, తన గది తెరలు కూడా ఊడదీయించుకుని వెళ్ళిపోయాడు. తక్కిన వాళ్ళంతా బంధువుల ద్వారానో ఫోనుల ద్వారానో కొత్త కుర్చీలు వెతుక్కున్నారు. ఆస్తుల అప్పగింత పని సోఫ్రోన్ మీద పడింది. దాన్నాయన గౌరవమనుకున్నాడు. అందరూ వెళ్ళిపోయిన తర్వాత దీపం ఆర్పే పనిని గౌరవమంటారని ఊళ్ళో ఒక్క ఆయనకే తోచింది.

టైపు మిషన్ల కోసం రెండు జిల్లాలూ కొట్టుకున్నాయి. ఆబోతును మాత్రం ఎవరికి వారు ఎదుటివారికి ఉదారంగా వదిలేశారు. దానికి మేత వెయ్యాలి గదా. కాగితం తేలేదాకా ఆ వేసవంతా కార్యాలయం వెనక పాకలో సోఫ్రోనే దానికి గడ్డి వేశాడు. మంగలి గెరాసిమ్ రోజూ గోడమీదనుంచి తొంగిచూసి పలకరించేవాడు.

“ఏం బావా, రాయోను జనాభా క్షేమమేనా? మీ ఇద్దరేగా మిగిలింది!”

“నవ్వరా, నవ్వు. అర్జీ పంపాం. పై నుంచి జవాబు వస్తుంది.”

“ఎవరికొస్తుంది, నీకా, ఆబోతుకా?”

అర్జీ నిజమే. రాయోనును ఉంచాలని, కుదరకపోతే జవోయెనిని జిల్లా ముఖ్యపట్టణం చెయ్యాలని ఊరంతా సంతకాలు పెట్టి రాజధానికి పంపింది. రాసినవాడు సోఫ్రోనే. అందులో చారిత్రక ఆధారాలు ఎంత గట్టిగా ఉన్నాయంటే, దాన్ని పూర్తిగా చదివినవాడు ఇప్పటిదాకా సోఫ్రోన్ ఒక్కడే.

ఆబోతును ఉత్తరపు జిల్లావాళ్ళు తోలుకుపోయిన కొద్దిరోజులకు, ద్రాక్షలు కోసే వేళ, తపాలా కార్యాలయంలో ఫోను మోగింది. ఫోను చూసే కసాంద్రా ఏప్రనుతోనే వీధిలో పరుగెత్తుకు వచ్చింది.

“సోఫ్రోనన్నా! ఓ సోఫ్రోనన్నా! జిల్లానుంచి కబురు! నిన్ను రాయోను పెద్దగా వేశారంట!”

“ఏమిటీ? మళ్ళీ చెప్పు.”

“వాళ్ళు చెప్పిందే చెప్తున్నా. సోఫ్రోన్ బుజోరును జవోయెనిలో, పాత భవనంలోనే, రాయోను పెద్దగా నియమించారు, సోమవారం పొద్దున్నే తాళాలతో హాజరు కమ్మన్నారు. లైను కరకరలాడిపోయింది గాని ఆ ముక్కలు మాత్రం స్పష్టంగా విన్నా. నా బిడ్డల మీద ఒట్టు!”

కసాంద్రా ఒక్క ముక్క కూడా తప్పు వినలేదు. ఆ సంగతి ఇప్పటికీ ఆమె తరఫున సోఫ్రోనే సాక్ష్యం చెబుతాడు. పిచ్చిది ఆ ఊరి ఆశ. అర్జీ ఫలించిందని, రాయోను తిరిగొచ్చిందని, పైగా తమ ఊరి మనిషే పెద్ద అయ్యాడని క్షణాల్లో పాకిపోయింది. సోఫ్రోన్ కాళ్ళు నేలమీద ఆనలేదు. అగ్లాయా ఒక్కతే పొయ్యి దగ్గరనుంచి తల తిప్పి అడిగింది.

“నిన్నా? వాళ్ళకు నువ్వెవరో తెలుసా?”

“అర్జీ చదివి ఉంటారు.”

“చదివితే నిన్ను జైల్లో వేస్తారు గాని పెద్దను చేస్తారటయ్యా?” అంది. అంటూనే పండుగకని పెంచుతున్న బాతును కోసింది. కాబేజీ ఆకుల్లో మాంసం చుట్టిన పొట్లాలు పెద్ద గిన్నెడు వండింది. ఆదివారం మధ్యాహ్నం ఊరంతా ఆ పెరట్లోనే ఉంది. ప్లమ్ సారా ఏరులై పారింది. అంతకుముందు సోఫ్రోన్‌కు నమస్కారం పెట్టనివాళ్ళు వచ్చి ఆయన చొక్కా భుజంమీద లేని దుమ్ము దులిపారు. దారి లేని లోయకు దారి వేయిస్తానని సోఫ్రోన్ ఇద్దరికి మాట ఇచ్చాడు. ఆబోతును వెనక్కి తెప్పిస్తానని మరొకరికి మాట ఇచ్చాడు. మూడో గ్లాసు తర్వాత ఉపన్యాసం కూడా ఇచ్చాడు. చరిత్ర న్యాయం చేస్తుందన్నాడు. ఆ ఉపన్యాసం ప్రతిని దాచాడు గాని, దాన్ని ఒంటరిగా ఉన్నప్పుడు కూడా చదవలేడు.

సోమవారం పొద్దున భవనం మెట్లమీద సోఫ్రోన్ పెళ్ళినాటి సూటు వేసుకుని, తాళాలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఫైరువాళ్ళ మేళం కింద వరసగా నిలబడింది. మలుపు తిరిగి ఒక లారీ వచ్చింది. మేళం అందుకుంది. లారీలోంచి ఖాకీ కోటు తొడుక్కున్న మనిషొకడు దిగి, బాకాలవైపు అయోమయంగా చూశాడు.

“కామ్రేడ్ బుజోర్ ఎవరు?”

“నేనే కామ్రేడ్!”

“మీరేనా? మంచిది. ప్రభుత్వ వస్త్రదుకాణం ఈ భవనంలో తెరుస్తున్నాం. మీరు మూడో రాయోను పెద్ద. బొత్తాలు, దారపుండలు, రిబ్బన్లు, జిప్పులు. ఎక్కడ దించమంటారు?”

సోఫ్రోన్ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మేళంలో ఒక్కొక్క బాకా ఆగిపోతూ వచ్చింది. చెవులు సరిగా వినపడని ముసలి డోలువాడు మాత్రం ఇంకాసేపు వాయించాడు. డోలు కూడా ఆగాక గెరాసిమ్ టోపీ తీసి, నడుం దాకా వంగి, “దారి సంగతి తర్వాత చూద్దాం గాని, పెద్దాయనా, నా పంట్లానికి ఒక బొత్తాం ఊడింది. ఏమైనా దయచూస్తారా?” అన్నాడు.

నవ్వు మొదలైంది. అది ఇరవయ్యేళ్ళు నడిచింది.

సోఫ్రోన్ పని మానలేదు. మానితే ఏం చెయ్యాలో తెలియదు. పైగా ఆ భవనంలోనే, తను రికార్డులు దాచిన గదిలోనే కౌంటరు పెట్టారు. రోజూ అదే గుమ్మం తొక్కడానికి మరో మార్గం లేదు. రెండో ఏడాది వచ్చేసరికి బొత్తాల సొరుగులు ఎక్కువై, వేటిలో ఏవి ఉన్నాయో తెలియక దుకాణపు అమ్మాయిలు తికమక పడుతున్నారు. ఏదో ఒక పద్ధతి కావలసి వచ్చింది. సోఫ్రోన్‌కు తెలిసిన పద్ధతి ఒక్కటే. సొరుగులకు రాయోనులోని ఊళ్ళ పేర్లు పెట్టాడు.

కొమ్ముతో చేసిన బొత్తాలకు కోర్ని అని పెట్టాడు. ఆ ఊరి పేరుకే కొమ్మని అర్థం. చొక్కాలకు కుట్టే చిన్న తెల్లవి ఇజ్వోరె, ఊటలున్న ఊరు. తేనెరంగులో ఉండే పెద్ద కోటుబొత్తాలు స్తుపీనా. అక్కడ తేనెటీగల పెట్టెలు ఎక్కువ. లోయలవారీగా, నదికి ఎగువనుంచి దిగువకు సొరుగులను అమర్చాడు. ఉత్తరపు జిల్లాకు పోయిన ఊరూ దక్షిణపు జిల్లాకు పోయిన ఊరూ ఆయన కౌంటరు వెనక మళ్ళీ పక్కపక్కన చేరాయి. పర్యవేక్షణకు వచ్చిన అధికారి ఇదేమిటని అడిగితే, లెక్క సులువు కోసమని నీళ్ళు నమిలాడు. రహస్యంగా ఒక రాజ్యాన్ని పునరుద్ధరించినట్టు ఆ రాత్రంతా ఆయనకు నిద్ర పట్టలేదు. బొత్తాలతో తిరుగుబాటు చేసినవాడు చరిత్రలో మరొకడున్నాడేమోనని తర్వాత చాలా పుస్తకాలు వెతికాడు. లేడు.

ఊరి ఆడవాళ్ళు ఆ పేర్లను ఇట్టే పట్టేసుకున్నారు. “పెద్దాయనా, నాలుగు స్తుపీనాలివ్వు, పిల్లాడి కోటుకి,” అనేవారు. “ఇజ్వోరెలు ఇంకా రాలేదా? మా ఆయన చొక్కా బార్లా తెరుచుకుని తిరుగుతున్నాడు, సిగ్గుగా ఉంది,” అనేవారు. గెరాసిమ్ ఎప్పుడొచ్చినా, “రాయోను మొత్తం ఎంతకిస్తావు బావా?” అని బేరమాడేవాడు.

సోఫ్రోన్ ఉద్యోగం చాలించిన కొన్నేళ్ళకు పాలన మారింది. దుకాణం మూతబడింది. సొరుగులను ఎవరో వంటచెరకుకు పట్టుకుపోయారు. ఖాళీ చేసే రోజున సోఫ్రోన్ తన రాయోనులో మిగిలిన బొత్తాలను ఒక సంచీలో పోసుకుని ఇంటికి తెచ్చాడు. ఆయన దేన్నీ పారెయ్యలేడు. భవనంలో కొన్నాళ్ళు విదేశాల పాతబట్టలమ్మారు, ఆ తర్వాత పావురాలు కాపురమున్నాయి. గెరాసిమ్‌కు బొత్తాలు పెట్టుకోలేనంతగా చేతులు వణకసాగాయి. నాలుక మాత్రం వణకలేదు.

ఇప్పుడీ శిలాఫలకం.

సోఫ్రోన్ నాలుగు పుటల వ్యాసం ఇచ్చాడు. స్మరాండా దాన్ని గౌరవంగా అందుకుని, “రాతిమీద నాలుగు వరుసలే పడతాయి తాతగారూ,” అంది. నాలుగు పుటలను నాలుగు వరుసలు చెయ్యడానికి ఆయనకు చలికాలమంతా పట్టింది. చివరికి, ‘ఈ భవనమున 1950 నుండి 1968 వరకు జవోయెని రాయోను కార్యాలయము ఉండెను’ అని తేల్చాడు. ఆమె మెచ్చుకుని, కింద ఇంకో వరుసకు చోటుందని, దాని సంగతి తను చూసుకుంటానని నవ్వింది. ఆ నవ్వును ఆయన అనుమానించి ఉండవలసింది.

ఆవిష్కరణ వసంతంలో జరిగింది. మేయరు గుడ్డ లాగాడు. పాలరాతిమీద సోఫ్రోన్ వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఉంది. దాని కింద ఇలా ఉంది: ‘చివరి రాయోను పెద్ద: సోఫ్రోన్ బుజోర్’.

ఆ ముసలాయన ఎవరని స్మరాండా ఊళ్ళో అడిగిందట. అడిగిన ప్రతివాడూ ఒకటే చెప్పాడట, ‘ఆయనా, రాయోను పెద్ద’ అని.

కుర్రతనంలో సోఫ్రోన్ చిత్తుకాగితాల వెనక రాసుకున్న మాటలే, పాలరాతిమీద, బంగారు పూతతో. మెలిక ఒక్కటే లేదు. రాయోను పేరు రాతికెక్కింది, ఇక దాన్ని ఎవరూ పొయ్యిలో వెయ్యలేరు. నోరు మూసుకుంటే చాలు. పక్క కుర్చీలోంచి గెరాసిమ్ మోచేత్తో పొడిచాడు.

“ఊరుకో బావా. రాయి ఇచ్చిన పదవి, కళ్ళకద్దుకుని పుచ్చుకో. నీ కళ్ళు చూస్తే తెలుస్తోంది, లేవబోతున్నావు. లేవకు!”

సోఫ్రోన్ లేచాడు. చదువుకున్న చరిత్రంతా ఆయన్ను లేపింది. నలభయ్యేళ్ళుగా చరిత్రలో అందరూ చేసే తప్పులమీద పత్రికలకు ఉత్తరాలు రాసినవాడు తనకు లాభించే తప్పును మింగేస్తే ఆ ఉత్తరాలకు విలువేముంటుంది? మైకు దగ్గరకు వెళ్ళి, “ఇది తప్పు. నేను రాయోను పెద్దను కాను. నేను బొత్తాల రాయోను పెద్దను. సరిచెయ్యాలని కోరుతున్నాను,” అన్నాడు.

చప్పట్లు మారుమోగాయి. అంత నిజాయితీని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. మేయరు కళ్ళు తుడుచుకున్నాడు. స్మరాండా సిగ్గుతో ఎర్రబడి, “తప్పకుండా సరిచేస్తాం తాతగారూ, నా మాట,” అంది. ఆ సాయంత్రం సోఫ్రోన్ గర్వంతో సరిగా భోజనం కూడా చెయ్యలేదు. రాతిమీది అబద్ధాన్ని తన చేతులతో తీసేశానని, ఇక మిగిలింది శుద్ధమైన చరిత్రేనని అగ్లాయాకు రెండుసార్లు చెప్పాడు.

స్మరాండా మాట తప్పలేదు. ఆకులు రాలే కాలానికి కొత్త రాయి వచ్చింది. ఆమె ఆయన సవరణను ఒక్కచోట కాదు, వచ్చిన ప్రతిచోటా శ్రద్ధగా చేసింది.

‘ఈ భవనమున 1950 నుండి 1968 వరకు జవోయెని బొత్తాల రాయోను కార్యాలయము ఉండెను. చివరి బొత్తాల రాయోను పెద్ద: సోఫ్రోన్ బుజోర్.’

సోఫ్రోన్ ఆ రాయిని అక్షరమక్షరం మళ్ళీ చదివాడు. మూడు లోయలు, ఫైరింజను, మేళం, ఆబోతు, అర్జీ, ఊరంతా పెట్టిన సంతకాలు, అన్నీ బొత్తాలైపోయాయి. చేసింది తనే. ఎవరిమీద ఉత్తరం రాయాలో తెలియని పరిస్థితి ఆయనకు జీవితంలో అదే మొదటిసారి. పురపాలక కార్యాలయానికి వెళితే, ఈ ఏడాదికి రాళ్ళు అయిపోయాయన్నారు.

“బతికుండగానే రాతిమీదికెక్కావు, ఇంకేం కావాలి నీకు?” అంది అగ్లాయా. “దిగిరా, సంకటి చల్లారిపోతోంది.”

మర్నాటినుంచి ఆయన ఆ రాయి ఎదుటి బల్లమీద కూర్చోవడం మొదలుపెట్టాడు. తప్పు చదివి వెళ్ళిపోయేవాళ్ళను ఆపి దిద్దుదామని ఆయన ఉద్దేశం. ఎవర్నీ ఆపవలసిన అవసరం రాలేదు. సరైన వాక్యమే ఉండి ఉంటే దాన్ని చూడకుండా పోయే జనమంతా ఈ వాక్యం దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, పగలబడి నవ్వేవారు. బస్సుకోసం వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకునేవారు. “బొత్తాలకు రెండంతస్తుల ఆఫీసా! పద్దెనిమిదేళ్ళపాటా! ఆ కాలంలో ఏమైనా జరిగి ఉంటుంది!” అనేవారు. అప్పుడు బల్లమీది ముసలాయన గొంతు సవరించుకునేవాడు. అట్టపెట్టెలకు దొరకని శ్రోతలు ఒక తప్పురాయికి దొరికారన్న సంగతి ఆయన్ను చాలా నొప్పించింది. అయినా చెప్పడం మానలేదు.

ఒక సాయంత్రం, మంచు పడేలా ఉంది, ముప్ఫై ఏళ్ళావిడ ఒకరు రాయిని చదివి నవ్వలేదు. పేరును మళ్ళీ చదివి, బల్లవైపు వచ్చింది.

“బొత్తాల బుజోర్ గారంటే మీరేనా తాతగారూ? ఇది మా అమ్మ కోటు. ఒక స్తుపీనా ఊడిపోయింది. పట్నంలో ఎక్కడడిగినా స్తుపీనా అంటే ఏమిటంటున్నారు. ఇక్కడ అందరికీ తెలిసిన పేరేగా అది?”

సోఫ్రోన్ కోటువంక చూశాడు. తేనెరంగు బొత్తాలు, నడుమ ఒకచోట ఖాళీ దారం.

“స్తుపీనా ఏమిటో నీకు తెలుసా అమ్మా?”

“తెలియకేం. పెద్ద కోటుబొత్తాం. మా అమ్మ అలాగే అనేది, అమ్మమ్మా అలాగే అనేది.”

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. ఈ మధ్య సంచీలోంచి కొన్ని తీసి వెంటబెట్టుకుని తిరుగుతున్నాడు. ఎందుకో అగ్లాయాకు చెప్పలేదు. వేళ్ళకు ఒకటి తగిలింది. పైకి తియ్యలేదు.

“ఇస్తాను, నా దగ్గరుంది. ముందు ఇలా కూర్చో. స్తుపీనా బొత్తాం కాదమ్మా, ఊరు. నది రెండో మలుపులో ఉంటుంది. 1950లో…”

“చలిగా ఉంది తాతగారూ. పొడవాటి కథా?”

“పొడవే,” అన్నాడు సోఫ్రోన్, బల్లమీద ఆమెకు చోటిస్తూ. “కోటు బొత్తాలు పెట్టుకో. ఉన్నవైనా పెట్టుకో.”